ప్రశ్నలు – జవాబులు: ట్రేస్ నిండా పనిముట్టు జాడే ఉంటే

లినక్స్ సర్వర్ మొత్తాన్ని ట్రేస్ చేయబోతే, అంటే అందులో జరిగే ప్రతి పనినీ ఒక ఈవెంట్‌గా నమోదు చేయబోతే, ట్రేస్ చేస్తున్న పనిముట్టే రికార్డు నిండా కనిపిస్తోందని గత రెండు నెలల్లో చాలామంది పాఠకులు రాశారు. ఆ ఉత్తరాల్లోంచి ఆరింటిని ఈ సంచికకు తీసుకున్నాను. పైకి అన్నీ ఒకే ప్రశ్నలా ఉన్నా చిక్కు ఒక్కొక్కరికి ఒక్కో చోట పడింది కాబట్టి విడివిడిగానే జవాబు చెబుతున్నాను. ఆదేశాలను, ఆప్షన్లను పలికే తీరులోనే రాశాను. వాటి ముందుండే గీతలను పాఠకులు చేర్చుకోవాలి.

ప్రశ్న: అర్ధరాత్రి, వాడకం దాదాపు లేని వేళ, మా సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) లాగిన్ అయి, టీమక్స్ (ఒకే తెరలో అనేక టెర్మినళ్లను నడిపే ప్రోగ్రామ్) తెరిచి, లినక్స్ పరిశీలన పనిముట్టయిన పెర్ఫ్‌లోని పెర్ఫ్ ట్రేస్ ఆదేశాన్ని మొత్తం సిస్టమ్‌కు నడిపాను. ఏ పనీ లేని మెషీన్‌లో కూడా తెర మీద వరసలు ఆగకుండా పరుగెత్తాయి. ఆపి చూస్తే దాదాపు అన్నీ టీమక్స్‌వి, ఎస్ఎస్‌హెచ్‌డీవి (సర్వర్ వైపు ఎస్ఎస్‌హెచ్‌ను నడిపే ప్రోగ్రామ్). పెర్ఫ్ తన పనిని తానే వదిలేస్తుందని విన్నాను. మరి ఇదేమిటి? — ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, హైదరాబాద్

జవాబు: ఆ వరసలు మీరు తెర మీద చూస్తూ ఉండడం వల్లే పుట్టాయి. ఒక్క వరస ఎలా ప్రయాణిస్తుందో దగ్గరగా చూస్తే విషయం బోధపడుతుంది. ఎక్కడో క్రాన్ (నిర్ణీత వేళల్లో పనులు నడిపే ప్రోగ్రామ్) ఒక ఫైలును తెరిచిందనుకోండి. పెర్ఫ్ ఆ సంగతిని ఒక వరసగా కూర్చి, రైట్ అనే సిస్టమ్ కాల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నల్‌ను ఒక పని చేయమని అడిగే పిలుపుతో, తన టెర్మినల్‌లోకి రాస్తుంది. ఆ టెర్మినల్ నిజానికి కెర్నల్‌లో ఉండే పీటీవై జత, అంటే ఒక కొసలో రాసింది రెండో కొసలో చదవగలిగే కృత్రిమ టెర్మినల్. దాని అవతలి కొస టీమక్స్ సర్వర్ చేతిలో ఉంటుంది. టీమక్స్ సర్వర్ నిద్ర లేచి, రీడ్‌తో ఆ వరసను అందుకుని, తన దగ్గరున్న తెర చిత్రాన్ని సవరించుకుని, మార్పును మరో పీటీవైలోకి రాస్తుంది. ఆ రెండో పీటీవై అవతల కాచుకుని ఉన్న ఎస్ఎస్‌హెచ్‌డీ కూడా అలాగే లేచి, చదివి, ఎన్‌క్రిప్ట్ చేసి, నెట్‌వర్క్ సాకెట్‌లోకి రాస్తుంది. పెర్ఫ్ చేసిన రైట్ ఒకటి, టీమక్స్ ఎదురుచూపు, చదవడం, రాయడం కలిపి మూడు, ఎస్ఎస్‌హెచ్‌డీవి మరో మూడు. అంటే క్రాన్ చేసిన ఒక్క పనిని మీకు చూపించడానికి కనీసం ఏడు సిస్టమ్ కాల్స్ జరిగాయి. మొత్తం సిస్టమ్‌ను ట్రేస్ చేస్తున్నాం కాబట్టి, పెర్ఫ్ తానే వదిలేసే సొంత రైట్ పోగా మిగిలిన ఆరూ ఆరు కొత్త వరసలవుతాయి, వాటిని చూపించడానికి మళ్లీ అదే తతంగం మొదలవుతుంది. టీమక్స్, ఎస్ఎస్‌హెచ్‌డీ అనేక వరసలను ఒకేసారి చదువుకుంటాయి కాబట్టి ఇది ఆరు రెట్ల చొప్పున అంతులేకుండా పెరిగిపోదు. కానీ తనంతట తాను ఎన్నడూ ఆగదు.

మీరు విన్న మాట నిజమే. మొత్తం సిస్టమ్‌ను చూసేటప్పుడు పెర్ఫ్ ట్రేస్ తన పీఐడీని (ప్రాసెస్ సంఖ్యను) వదిలేస్తుంది. అంతటితో ఆగకుండా తన తల్లి ప్రాసెస్, దాని తల్లి ప్రాసెస్ అంటూ పైకి వెళ్లి, ఆ వరుసలో ఎస్ఎస్‌హెచ్‌డీ గానీ గ్నోమ్ టెర్మినల్ గానీ తగిలితే దాన్ని కూడా వదిలేస్తుంది. రాసినవారు ఎంతో ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది. అయితే టీమక్స్ లోపల ఆ వంశవృక్షం వేరుగా ఉంటుంది: పెర్ఫ్ తల్లి బ్యాష్ (ఆదేశాలు అందుకునే షెల్), బ్యాష్ తల్లి టీమక్స్ సర్వర్, దాని పైన నేరుగా సిస్టమ్‌డీ (మిగతా ప్రాసెస్‌లను మొదలుపెట్టి నడిపించేది). ఈ దారిలో ఎస్ఎస్‌హెచ్‌డీ తగలదు, కాబట్టి టీమక్స్, ఎస్ఎస్‌హెచ్‌డీ రెండూ ట్రేస్‌లో మిగిలిపోతాయి. పేరును చూసి గుర్తుపట్టే పద్ధతికి ఇంకో బలహీనత కూడా ఉంది. 2024 జూలైలో విడుదలైన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.8 నుంచి కనెక్షన్‌ను నడిపే ప్రాసెస్ పేరు ఎస్ఎస్‌హెచ్‌డీ సెషన్‌గా మారింది. పాత పేరునే అచ్చంగా వెతికే స్క్రిప్టు మీ దగ్గర ఏదైనా ఉంటే సరిచూసుకోండి.

పరిష్కారానికి వస్తే, అన్నిటికంటే మంచిది తెరను ఈ గొలుసు నుంచి తప్పించడం. అవుట్‌పుట్ ఆప్షన్‌తో ఫలితాన్ని ఫైల్‌లోకి పంపితే టీమక్స్‌కూ ఎస్ఎస్‌హెచ్‌డీకీ చేరవేయడానికి ఏమీ ఉండదు. చూస్తూనే ఉండాలనుకుంటే ఫిల్టర్ పిడ్స్ అనే ఆప్షన్‌తో వదిలేయవలసిన పీఐడీలను కామాలతో ఇవ్వవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు స్వయంగా జాబితా ఇచ్చారంటే పెర్ఫ్ తనను తాను చేర్చుకుంటుంది గానీ, వంశవృక్షం వెంట పైకి వెళ్లి వెతకడం మానేస్తుంది. కాబట్టి టీమక్స్ సర్వర్‌నూ, పీఎస్ జాబితాలో మీ యూజర్ పేరూ టెర్మినల్ సంఖ్యా పక్కన కనిపించే ఎస్ఎస్‌హెచ్‌డీనీ మీరే గుర్తుపెట్టుకుని చేర్చాలి.

నెట్‌వర్క్ పని చేసేవారికి ఇది కొత్త కాదు. ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి, నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ నడిపినప్పుడు ఎస్ఎస్‌హెచ్ వాడే పోర్ట్ 22 వద్దని చెప్పకపోతే సరిగ్గా ఇదే జరుగుతుంది. అదే పని చేసే వైర్‌షార్క్ అయితే ఎన్విరాన్‌మెంట్‌లో ఎస్ఎస్‌హెచ్ వివరాలు కనిపిస్తే ఆ కనెక్షన్‌ను మినహాయించే ఫిల్టర్‌ను తానే సిద్ధం చేసి పెడుతుంది. విండోస్‌లోని ప్రాసెస్ మానిటర్ కూడా తన పేరున్న ఈవెంట్లను మొదటి నుంచే దాచి ఉంచుతుంది. లినక్స్ ఆడిట్ వ్యవస్థలో ఆ రికార్డులను రాసే ఆడిట్‌డీ చేసే సిస్టమ్ కాల్స్‌ను కెర్నలే నమోదు చేయదు.

ప్రశ్న: ఈవెంట్లను ఫైలులోకి నమోదు చేసే పెర్ఫ్ రికార్డ్‌కు, పెర్ఫ్ సొంత ఈవెంట్లను వదిలేసే ఎక్స్‌క్లూడ్ పెర్ఫ్ అనే ఆప్షన్ ఉందని మాన్యువల్‌లో చదివి, ఆదేశంలో మొట్టమొదట అదే పెట్టాను, ఒప్పుకోలేదు. సైకిల్స్ ఈవెంట్‌తో పెట్టినా ఒప్పుకోలేదు. నా వెర్షన్‌లో ఈ సౌకర్యం లేదా? — ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: సౌకర్యం ఉంది, మీరు పెట్టిన చోటు, ఎంచుకున్న ఈవెంట్ దానికి సరిపడవు. ఈ ఆప్షన్ ట్రేస్‌పాయింట్ (కెర్నల్ కోడ్‌లో ముందే పెట్టి ఉంచిన నమోదు చోటు) ఈవెంట్‌ను ఎంచుకున్న తర్వాతే రావాలి. ఎందుకంటే అది అంతకుముందు చెప్పిన ఈవెంట్‌కు ఒక షరతును అతికిస్తుంది. ఆ షరతు ఇంతే: కామన్ పిడ్ విలువ పెర్ఫ్ పీఐడీతో సమానం కాకూడదు. ప్రతి ట్రేస్‌పాయింట్ రికార్డు మొదట్లోనూ కామన్ పిడ్ అనే గడి ఉంటుంది. ఆ క్షణంలో ఆ సీపీయూ మీద నడుస్తున్న పని ఎవరిదో ఆ గడి చెబుతుంది. మీరు అప్పటికే ఫిల్టర్ ఏదైనా ఇచ్చి ఉంటే ఈ కొత్త షరతు దానికి "మరియు"తో కలుస్తుంది. ఈవెంట్లను వేర్వేరుగా రెండు సార్లు ఎంచుకుంటే ప్రతి ఎంపిక తర్వాతా దీన్ని మళ్లీ చెప్పాలి.

సైకిల్స్‌తో ఎందుకు కుదరలేదో కూడా ఇందులోనే ఉంది. సైకిల్స్ హార్డ్‌వేర్ కౌంటర్ ఆధారంగా తీసే శాంపిల్. దానికి ట్రేస్‌పాయింట్ గడులు ఉండవు కాబట్టి ఆ షరతును అతికించే చోటే లేదు. అటువంటి రికార్డును యథాతథంగా తీసుకుని, తర్వాత పెర్ఫ్ స్క్రిప్ట్‌తో వరసలుగా మార్చి, పెర్ఫ్ పేరున్న వాటిని పక్కన పెట్టుకోవడం సులువు. ఇటీవలి పెర్ఫ్‌లో బీపీఎఫ్ (కెర్నల్ లోపల చిన్న ప్రోగ్రాములు నడిపే సౌకర్యం) సాయంతో శాంపిళ్లకూ ఫిల్టర్ పెట్టే వీలు వచ్చింది, కానీ మీ పెర్ఫ్‌ను ఆ మద్దతుతో బిల్డ్ చేసి ఉండాలి.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. మనం పీఐడీ అని పిలిచేదాన్ని కెర్నల్ లోపల టీజీఐడీ అంటారు. కెర్నల్ పీఐడీ అనేది ఒక్కొక్క థ్రెడ్‌కు (ప్రాసెస్ లోపల విడిగా నడిచే పనికి) వేరుగా ఉంటుంది, కామన్ పిడ్ గడిలో రాసేది ఆ థ్రెడ్ సంఖ్యనే. అందువల్ల పనిముట్టు అనేక థ్రెడ్లతో రాసుకునే పద్ధతిలో నడుస్తుంటే, ఒకే సంఖ్యతో పెట్టిన షరతు ప్రధాన థ్రెడ్‌ను మాత్రమే తప్పిస్తుంది. బీపీఎఫ్ ట్రేస్ అనే పనిముట్టులో మాత్రం పిడ్ అంటే మొత్తం ప్రాసెస్, టిడ్ అంటే థ్రెడ్. ఒక పనిముట్టులో నేర్చుకున్న మాటను ఇంకో పనిముట్టులోకి అదే అర్థంతో తీసుకుపోకండి.

ప్రశ్న: మా పరిశీలన పనిముట్లన్నీ కంటైనర్‌లో (అసలు మెషీన్ మీదే, కానీ దానికి విడిగా నడిచే గది లాంటిది) ఉంటాయి. తగిన అనుమతులిచ్చి కంటైనర్ లోపలి నుంచి పెర్ఫ్ రికార్డ్‌ను ఎక్స్‌క్లూడ్ పెర్ఫ్‌తో సహా నడిపితే ఏ ఎర్రర్ రావడం లేదు, కానీ రికార్డులో పెర్ఫ్ ఈవెంట్లు నిక్షేపంగా ఉన్నాయి. — ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, బెంగళూరు

జవాబు: ఎర్రర్ రాకపోవడమే ఇందులో ప్రమాదం. కంటైనర్‌కు సొంత పీఐడీ నేమ్‌స్పేస్, అంటే ప్రాసెస్ సంఖ్యల సొంత లెక్క, ఉంటుంది. లోపల పెర్ఫ్ తన పీఐడీ ఏమిటని అడిగితే కెర్నల్ ఆ నేమ్‌స్పేస్ లెక్క ప్రకారం జవాబిస్తుంది. ఉదాహరణకు 37 అంటుంది. పెర్ఫ్ ఆ 37నే షరతులో పెడుతుంది. కానీ ట్రేస్‌పాయింట్ రికార్డులోని కామన్ పిడ్ గడిలో కెర్నల్ రాసేది హోస్ట్ (కంటైనర్‌ను నడిపే అసలు మెషీన్) లెక్క ప్రకారం ఉన్న సంఖ్య. అది 48211 కావచ్చు. రెండూ ఎప్పటికీ కలవవు కాబట్టి పెర్ఫ్ ఈవెంట్లు దర్జాగా లోపలికి వస్తాయి. అంతకంటే చెడ్డ సంగతి, హోస్ట్‌లో నిజంగానే 37 సంఖ్య ఉన్న ప్రాసెస్ ఒకటుంటుంది. చిన్న సంఖ్యలు సాధారణంగా బూట్ సమయంలో పుట్టిన కెర్నల్ థ్రెడ్లవి. మీ రికార్డులోంచి దాని ఈవెంట్లు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. వద్దనుకున్నది ఉండిపోయి, కావలసింది పోతుంది. ఆ పోయిన సంగతి మీకు తెలిసే మార్గమే ఉండదు.

తేలికైన దారి ఆ కంటైనర్‌ను హోస్ట్ పీఐడీ నేమ్‌స్పేస్‌లో నడపడం; కంటైనర్లను నడిపే డాకర్‌లో పిడ్ ఆప్షన్‌కు హోస్ట్ అని ఇస్తే సరిపోతుంది. అది వీలు కాని చోట, హోస్ట్ మీది నుంచి ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్ తెరిచి ఎన్ఎస్ పిడ్ అనే వరస చూడండి. అందులో మొదటి సంఖ్య హోస్ట్ లెక్కది, చివరిది కంటైనర్ లెక్కది. ఆ మొదటి సంఖ్యతో ఫిల్టర్‌ను మీరే రాయాలి. ఇదే ఫైలును కంటైనర్ లోపలి నుంచి తెరిస్తే లోపలి సంఖ్య ఒక్కటే కనిపిస్తుంది, కాబట్టి అక్కడ వెతికి లాభం లేదు. సొంతంగా బీపీఎఫ్ ప్రోగ్రాములు రాసుకునేవారికి, నేమ్‌స్పేస్ లెక్క ప్రకారం పీఐడీ చెప్పే సహాయక ఫంక్షన్ కెర్నల్ 5.7 నుంచి అందుబాటులో ఉంది.

ప్రశ్న: డేటాబేస్ సర్వర్‌లో డిస్కు రాతలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవడానికి బ్లాక్ ఈవెంట్లను (డిస్కు రిక్వెస్టుల ఈవెంట్లను) రికార్డ్ చేశాను, ఎక్స్‌క్లూడ్ పెర్ఫ్ కూడా సరిగ్గానే పెట్టాను. రికార్డులో పెర్ఫ్ పేరు ఎక్కడా లేదు. కానీ కేవర్కర్ (కెర్నల్ తన పనులకు వాడే థ్రెడ్) పేరుతో పెద్ద పెద్ద రాతలు, కొన్ని సెకన్లకోసారి గుంపులుగా కనిపిస్తున్నాయి. ట్రేస్ ఆపగానే అవి తగ్గిపోతున్నాయి. — ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, తిరుపతి

జవాబు: ట్రేస్ ఆపగానే తగ్గుతున్నాయని మీరు గమనించడం చాలా విలువైన పరిశీలన. ఆ రాతల్లో పెద్ద భాగం పెర్ఫ్ డేటా ఫైల్‌వే అయి ఉండాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక సంస్థలో ఇదే సంగతి తెలియక, రాత్రి బ్యాకప్ ఆలస్యానికి డేటాబేస్ బృందమే కారణమని రికార్డు చేతపట్టుకుని వాదించాం. ఆ రికార్డులో కనిపించిన రాతలు చాలావరకు మేం నడిపిన ట్రేస్ ఫైల్‌వేనని తేలడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ఆ బృందం పడిన ఇబ్బంది నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

పెర్ఫ్ రైట్ చేసినప్పుడు డేటా వెంటనే డిస్కుకు పోదు. మెమరీలోని పేజ్ క్యాష్‌లోకి చేరి, ఆ పేజీలు డర్టీ అని గుర్తు పడతాయి, పెర్ఫ్ పని అక్కడితో ముగుస్తుంది. వాటిని డిస్కుకు చేర్చే బాధ్యత కెర్నల్‌లోని రైట్‌బ్యాక్ పనివాళ్లది. మామూలు అమరికలో అవి 5 సెకన్లకోసారి మేల్కొంటాయి, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను డిస్కుకు పంపుతాయి. డర్టీ పేజీలు మరీ పేరుకుపోతే అంతకంటే ముందే మొదలుపెడతాయి. డిస్కుకు రిక్వెస్ట్ వెళ్లే క్షణంలో సీపీయూ మీద నడుస్తున్నది కేవర్కర్ కాబట్టి, బ్లాక్ ఈవెంట్‌లోని కామన్ పిడ్ గడిలో కేవర్కర్ సంఖ్యే పడుతుంది. పని పెర్ఫ్‌ది, సంతకం కేవర్కర్‌ది. పీఐడీ ఆధారంగా వడగట్టే ఏ ఫిల్టరూ దీన్ని పట్టుకోలేదు. ఏ ఈవెంట్‌నైనా వడగట్టే ముందు, అది ఎవరి సందర్భంలో నమోదవుతుందో తెలుసుకుని తీరాలి.

ఇది రెండో వైపు నుంచి కూడా దెబ్బతీస్తుంది. డిస్కు ఒక రిక్వెస్ట్ పూర్తయిందని ఇంటరప్ట్ (సీపీయూను మధ్యలో ఆపి పిలిచే సంకేతం) ద్వారా చెబుతుంది. ఆ ఇంటరప్ట్ వచ్చిన సమయంలో ఆ సీపీయూ మీద ఎవరు నడుస్తుంటే వారి సంఖ్యే ఆ ఈవెంట్‌లో పడుతుంది, ఆ రిక్వెస్ట్‌తో వారికి ఏ సంబంధం లేకపోయినా సరే. ఆ క్షణంలో నడుస్తున్నది పెర్ఫ్ అయితే, మీ డేటాబేస్ రిక్వెస్ట్ పూర్తయిన ఈవెంట్‌ను ఎక్స్‌క్లూడ్ పెర్ఫ్ తీసిపారేస్తుంది. అప్పుడు రిక్వెస్ట్ మొదలైన ఈవెంట్ ఉండి, ముగిసిన ఈవెంట్ లేక, ఆలస్యం లెక్కలు తప్పుతాయి. నెట్‌వర్క్ నుంచి ప్యాకెట్ వచ్చిన ఈవెంట్ల సంగతీ ఇంతే. కాబట్టి బ్లాక్ ఈవెంట్లకు ఎక్స్‌క్లూడ్ పెర్ఫ్ వాడవద్దనే నా సలహా.

దాని బదులు పెర్ఫ్ డేటా ఫైలును డిస్కుకు దూరంగా ఉంచండి. దేవ్ షమ్ అనే చోట మెమరీలో ఉండే ఫైల్ సిస్టమ్ దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. అక్కడికి రాస్తే రైట్‌బ్యాక్ ప్రస్తావనే రాదు. దాని పరిమితి మామూలుగా ర్యామ్‌లో సగం. ర్యామ్ ఇరుకుగా ఉన్న సర్వర్‌లో మాత్రం ఆ పేజీలు స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగానికి) పోయి, మళ్లీ డిస్కు రాతలుగానే తేలతాయి; అటువంటి చోట ట్రేస్ నిడివిని తగ్గించండి. వేరే డిస్కు ఉంటే ఫైలును అందులోకి పంపి, ఈవెంట్ ఫిల్టర్‌ను డేటాబేస్ ఉన్న డిస్కుకే పరిమితం చేయడం ఇంకా శుభ్రమైన పద్ధతి. బ్లాక్ ఈవెంట్లలో దేవ్ అనే గడిలో డిస్కు మేజర్ సంఖ్యను 20 బిట్లు ఎడమకు జరిపి, మైనర్ సంఖ్యను కలిపిన విలువ ఉంటుంది. 8:0 అయితే అది 8388608. షరతును ప్రాసెస్ మీద కాక డిస్కు మీద పెట్టాం కాబట్టి, సంతకం ఎవరిదైనా ఆ లెక్క చెదరదు.

ప్రశ్న: షెడ్ స్విచ్ ఈవెంట్లలో (సీపీయూ ఒక పని నుంచి మరో పనికి మారడాన్ని చెప్పేవి) పెర్ఫ్‌ను మినహాయించి రికార్డ్ చేశాక, మా ప్రోగ్రామ్‌లోని ఒక థ్రెడ్ వాస్తవంగా నడిచిన దానికంటే ఎక్కువ సేపు నడిచినట్టు లెక్క వస్తోంది. మినహాయింపు తీసేస్తే సరిపోతోంది. మినహాయిస్తే లెక్క ఇంకా సరిగ్గా రావాలి కదా? — ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: షెడ్ స్విచ్ మిగతా ఈవెంట్ల వంటిది కాదు, అందులో ఇద్దరుంటారు, సీపీయూను వదిలేవారు, అందుకునేవారు. మార్పు జరగబోయే ముందు నమోదవుతుంది కాబట్టి కామన్ పిడ్ గడిలో వదిలేవారి సంఖ్య ఉంటుంది. ఒక సీపీయూ మీద మూడు మార్పులు జరిగాయనుకుందాం. 0వ మిల్లీసెకనులో ఏ అనే థ్రెడ్ నుంచి పెర్ఫ్‌కు, 4వ మిల్లీసెకనులో పెర్ఫ్ నుంచి బీ అనే థ్రెడ్‌కు, 20వ మిల్లీసెకనులో బీ నుంచి మళ్లీ ఏకు. బీ నడిచింది 16 మిల్లీసెకన్లు. ఎక్స్‌క్లూడ్ పెర్ఫ్ పెడితే పెర్ఫ్ వదిలేసిన మార్పు, అంటే 4వ మిల్లీసెకనుది, మాయమవుతుంది. మొదటిది ఏ సందర్భంలో నమోదైంది కాబట్టి ఉండిపోతుంది. ఇప్పుడు ఆ సీపీయూ మీద కనిపించే చివరి మార్పు నుంచి కాలాన్ని లెక్కకట్టే పద్ధతిలో బీ ఖాతాలో 20 మిల్లీసెకన్లు పడతాయి. పెర్ఫ్ వాడుకున్న 4 మిల్లీసెకన్లను మీ థ్రెడ్ మోసింది. ఈ లెక్క మీ వ్యాసంలోకి వెళ్లకముందే అనుమానించి అడిగినందుకు సంతోషం.

వదిలేవారిలోనూ అందుకునేవారిలోనూ పెర్ఫ్ ఉన్న మార్పులన్నిటినీ తీసేసినా ఫలితం బాగుపడదు. అప్పుడు ఏ ఎప్పుడు ఆగిందో, బీ ఎప్పుడు మొదలైందో రెండూ తెలియకుండా పోతాయి. షెడ్యూలర్ ఈవెంట్లలో పెర్ఫ్ కూడా సీపీయూను పంచుకున్న ఒక పని. అది నడిచిన కాలం మిగతావారి ఎదురుచూపులో నిజంగానే భాగం. ఏ ఫిల్టరూ లేకుండా రికార్డ్ చేసి, చూపించే దశలో మాత్రమే పెర్ఫ్ వరసలను దాచండి.

ప్రశ్న: పెర్ఫ్ లేకుండా నేరుగా ఎఫ్‌ట్రేస్ (కెర్నల్‌లోనే ఉన్న ట్రేసింగ్ సౌకర్యం) వాడతాను. ఈవెంట్లు వచ్చిపడే ట్రేస్ పైప్ ఫైలును క్యాట్‌తో (ఫైలును తెర మీద చూపే ఆదేశం) చదువుతుంటే క్యాట్ ఈవెంట్లే వస్తున్నాయి. దానికి మినహాయింపు ఎలా? అదీ కాక, ఇలా మినహాయిస్తే ట్రేసింగ్ వల్ల పడే భారం కూడా తగ్గినట్టేనా? — ఒక కెర్నల్ డెవలపర్, డాలస్

జవాబు: మొదటిదానికి జవాబు చిన్నది. 2020లో వచ్చిన కెర్నల్ 5.7 నుంచి ట్రేసింగ్ డైరెక్టరీలో సెట్ ఈవెంట్ నోట్రేస్ పిడ్ అనే ఫైల్ ఉంది. అందులో షెల్ సంఖ్యను రాసి, ఈవెంట్ ఫోర్క్ అనే ఆప్షన్‌ను ఆన్ చేస్తే, ఆ షెల్ నుంచి పుట్టే క్యాట్ కూడా మినహాయింపులోకి వస్తుంది. ఫంక్షన్ ట్రేసింగ్‌కు ఇటువంటిదే ఇంకో ఫైల్ వేరుగా ఉంది. ఒకదాంట్లో రాస్తే రెండోదానికి వర్తించదు. ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి తెర మీద చూస్తుంటే మొదటి ప్రశ్నలోని గొలుసు ఇక్కడా ఉంటుంది.

రెండోదానికి, తగ్గదు. ఫిల్టర్ పెట్టిన చోట ట్రేస్‌పాయింట్ పేలడం, షరతును సరిచూడడం రెండూ జరుగుతాయి. రికార్డు బఫర్‌లోకి వెళ్లకపోవడం ఒక్కటే మిగులు. క్యాట్ గానీ పెర్ఫ్ గానీ తినే సీపీయూ సమయం, ఆక్రమించే క్యాష్, ఫైల్ కోసం వాడే మెమరీ, అన్నీ అలాగే ఉంటాయి, కనిపించడం మాత్రం మానేస్తాయి. నాకు నచ్చనిది ఇక్కడే ఉంది: శుభ్రంగా కనిపించే రికార్డును చూసి, పనిముట్టు ఏ భారమూ వేయలేదని చాలామంది నమ్మేస్తారు. మినహాయించిన రికార్డును ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఏ ఫిల్టర్ పెట్టారో దానితోపాటే రాసి ఇవ్వడం నేను పనిచేసే చోట తప్పనిసరి చేశాను.

భారం నిజంగా తగ్గాలంటే ఒక్కొక్క ఈవెంట్‌ను బయటికి మోసుకురావడం మానాలి. ఏ ప్రాసెస్ ఎన్ని కాల్స్ చేసిందన్న లెక్క మాత్రమే కావాలంటే దాన్ని కెర్నల్ లోపలే కట్టి, చివర్లో ఒక్కసారి బయటికి తీయవచ్చు. 2005లో సోలారిస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన డీట్రేస్ అనే ట్రేసింగ్ పనిముట్టు ఈ పద్ధతిని అలవాటు చేసింది. అందులో పనిముట్టు సొంత సంఖ్యను ఇచ్చే డాలర్ పిడ్ అనే మాట కూడా ఉండేది, దానితో తనను తాను తప్పించే షరతు ఒక్క వరసలో రాసేవారు. ఇప్పుడు లినక్స్‌లో బీపీఎఫ్ మ్యాపులు (కెర్నల్ లోపల లెక్కలు దాచుకునే పట్టికలు) లెక్కను లోపలే కట్టే ఆ పని చేస్తాయి. పది సెకన్లకోసారి ఒక పట్టిక ముద్రించే ప్రోగ్రామ్ చేసే రైట్ కాల్స్, ఈవెంట్‌కొక వరస చొప్పున ముద్రించే దానితో పోలిస్తే లెక్కలోకి రావు. అక్కడ మినహాయింపు పెట్టకపోయినా నష్టం లేదు. మిగిలిన భారం ఎంతో తెలియాలంటే, మీ సర్వర్‌లో ఒకే పనిని ట్రేస్ లేకుండా ఐదుసార్లు, ట్రేస్‌తో ఐదుసార్లు, ఒకటి విడిచి ఒకటిగా మార్చిమార్చి నడిపి, పట్టిన సమయాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ట్రేస్ ఉన్న ఐదింటిలోనూ మీరు వాడబోయే ఫిల్టర్‌నూ, ఫైల్ చోటునూ, బఫర్ పరిమాణాన్నీ మార్చకుండా ఉంచండి.